అమ్మ కొంగులో అమ్మిన ఇళ్ళు

భూముల బ్రోకరేజీలోకి కొత్తగా దిగుతున్న కుర్రాళ్ళు ఈమధ్య మా వరండాలోకి వస్తున్నారు. మెడలో వెంచరు ట్యాగు, చేతిలో రెండు ఫోన్లు, బురద ఎరగని బూట్లు. "పెద్దాయనా, నాలుగు టిప్పులు చెప్పండి" అంటారు. టిప్పులు చెప్పడానికి నేనేమీ గుర్రప్పందేలు ఆడినవాణ్ణి కాను. కూర్చోబెట్టి చెప్పే ఓపికా లేదు. అందుకని రాసి పెడుతున్నాను. ఏ కంపెనీలో ఏ హోదాలో ఉన్నానో రాయను. అది మీకు అనవసరం.

ఈ పనిని మీరు మాట్లాడే పని అనుకుంటున్నారు. ఇది నడిచే పని, వినే పని. ఇల్లు కొనేవాడు అబద్ధాలాడతాడు, అమ్మేవాడు అంతకంటే ఎక్కువ ఆడతాడు. ఊరు మాత్రం అబద్ధమాడదు. కాకపోతే దాని మాట దానికుంటుంది. మా కంపెనీ అంతా కలిసి అలాంటి మాట ఒకటి విన్నది, ముచ్చటపడింది, బోర్డు మీద కూడా రాయించింది. అర్థమేమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

హద్దులు చదవడం

బడి ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. ఆ తర్వాతి చదువంతా అనకాపల్లిలో దస్తావేజులు రాసే గవరయ్య గారి వరండాలోనే. ఆయన దగ్గర నకళ్ళు రాసేవాణ్ణి. దస్తావేజు చేతికొస్తే అందరూ పేర్లూ విస్తీర్ణమూ చూస్తారు. ఆయన నన్ను హద్దులు చదవమనేవాడు. తూర్పు ఫలానా వారి మెట్ట, దక్షిణం బళ్ళ దారి, పడమర గెడ్డ. గెడ్డ అంటే మా వైపు కొండవాగు.

"మనుషుల పేర్లు తరానికోపాలి మారతాయిరా. గెడ్డ మారదు. ముందు అదెక్కడుందో సూసుకో. మనం రాసే కాయితం దానికి తెలవదు" అనేవాడు.

ఆయన నన్ను తిట్టని రోజు లేదు. ఒకసారి మునగపాక వైపు భూమి ఒకటి బేరానికొచ్చింది. చెరుకు మనిషిని మించి ఎదిగి ఉంది. అమ్మేవాడు మమ్మల్ని గట్టు మీద నిలబెట్టి, కొబ్బరి నీళ్ళు తాగించి, చల్లగాలి తగిలించి పంపాడు. నేను మురిసిపోయి వచ్చి చెప్పాను. గవరయ్య గారు కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"నేలని సూసేవా, సెరుకుని సూసేవా?"

"రెండూ ఒకటే కదండీ."

"పెళ్ళికూతురూ ముసుగూ ఒకటేనేటి? సెరుకు కొట్టేక వత్తామని సెప్పు."

చెరుకు కొట్టాక వెళ్ళి చూస్తే చేను నడిమధ్య చౌడు. తెల్లగా ఉప్పు తేలి ఉంది, అందులో గడ్డిపోచ కూడా లేదు. చుట్టూ చెరుకు గోడ కట్టినట్టు నిలబడితే లోపలి బట్టతల ఎవడికి కనిపిస్తుంది? అమ్మేవాడు ఏమీ అబద్ధం చెప్పలేదు. చెరుకు ఉన్నప్పుడు రమ్మన్నాడు, అంతే.

ఏ నేలనైనా దాని చెడ్డ రుతువులో చూడాలి. ఇది రాసుకోండి. రాసుకున్నా పాటించరని నాకు తెలుసు, ఎందుకంటే చెడ్డ రుతువులో సైట్ విజిట్ పెడితే ఎవడూ రాడు.

ఎండాకాలం సంబరాలు

నా చివరి కొలువు ఒక వెంచరులో. కొండల మధ్య ఒక రిజర్వాయరు, దాని పక్కన ఇళ్ళు. ఆ చెరువు పేరు రాయను. రాస్తే రేపు అక్కడ ఇంకో ఆర్చి లేస్తుంది.

యజమానిని అందరూ ఎండీ గారనేవారు. నా మేనల్లుళ్ళ కంటే చిన్నవాడు. కోపం తెచ్చుకోడు, గొంతు పెంచడు. అలాంటి బాసులతోనే జాగ్రత్తగా ఉండాలి. అరిచేవాడితో పోట్లాడొచ్చు. నవ్వేవాడితో ఏం చేస్తాం?

ఎండాకాలంలో ఆ చోటు చూడాలి. నీళ్ళు చెరువు నడిమికి తగ్గిపోతాయి. చుట్టూ నీళ్ళు వదిలిన నేలంతా లేత గడ్డి మొలిచి, దుప్పటి పరిచినట్టు చదునుగా ఉంటుంది. పైన మూడు వైపులా కొండలు. అనకాపల్లి ఎండలోంచి వచ్చినవాడు ఆ గాలి పీల్చగానే చెప్పులు విప్పేస్తాడు. ఆ గడ్డి నేల మీదే ఇళ్ళు కట్టారు. కాగితాల్లో అది సొంత భూమే, దొంగ కాగితాలు కావు. వానలు తగ్గిన ఏళ్ళలో ఊరి రైతులు అక్కడ నువ్వులూ దోసపాదులూ వేసుకునేవారు. వాళ్ళ దగ్గరే కొన్నారు.

వేసవి ఆదివారాల్లో కంపెనీ సంబరాలు జరిపేది. అనకాపల్లి నుంచీ, పరవాడ నుంచీ, పాయకరావుపేట నుంచీ బస్సులు. షామియానాలు, పిల్లలకి బొమ్మల పోటీ, ఆడవాళ్ళకి కుర్చీలాట, మగవాళ్ళకి తాడు లాగుడు, అందరికీ పడవ షికారు, బొంగులో చికెన్. కొండ మీది ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని పిలిపించి ధింసా ఆడించేవారు. మిట్టమధ్యాహ్నం ఎండలో వాళ్ళు ఆడుతుంటే వచ్చినవాళ్ళు మధ్యలో దూరి ఫొటోలు తీసుకునేవారు. భోజనాల దగ్గర మాత్రం వాళ్ళని చివర నిలబెట్టేవారు. ఒకసారి నేను గట్టిగా అరిచాను. "పెద్దాయనకి బీపీ టాబ్లెట్ ఇచ్చారా?" అని ఎండీ నవ్వాడు, చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. వాళ్ళ భోజనం అలాగే చివరనే జరిగింది. సాయంత్రానికి మైకులో ఒకటే మాట: లేక్ ఫేసింగ్ ఇళ్ళు కొన్నే మిగిలాయి.

వెంచరు పేరు 'అమ్మకొంగు లేక్ హోమ్స్'. ఆ పేరుకో కథ ఉంది. నేల చూడ్డానికి మొదటిరోజు వెళ్ళినప్పుడు ఊరిపెద్ద సన్నాసినాయుడు చెయ్యి చాచి, ఈ చివరి నుంచి ఆ చివరికి చూపించి, "ఇదంతా అమ్మ కొంగు బాబూ" అన్నాడు. ప్రకటనలు రాసే కుర్రాడు మాతో ఉన్నాడు. వాడికి కళ్ళు చెమర్చినంత పనయ్యింది. వారం తిరక్కుండా రోడ్డు మలుపులో బోర్డు లేచింది. 'అమ్మ కొంగు చాటున మీ సొంతిల్లు.' బాగుందని నేనూ అన్నాను.

దానియేలు, రూతు, గ్రేసీ

ఆ బస్సుల్లోనే ఒక ఆదివారం దానియేలు కుటుంబం వచ్చింది. పొద్దున్న ఆరాధన ముగించుకుని, చర్చి బట్టల్లోనే బస్సెక్కారు. అతను పరవాడ వైపు ఒక కంపెనీలో ఆపరేటరు. భార్య రూతు ఇంట్లో కుట్టుమిషను కుడుతుంది. ఒక్కతే పాప, గ్రేసీ. పాపకి ఆయాసం. రాత్రి దగ్గుతూ లేచి కూర్చుంటుంది, తల్లి వీపు రాస్తూ కూర్చుంటుంది. ఊరు మార్చి చూడమని డాక్టరు చెప్పాడట.

ఆ రోజు పిల్లల పరుగుపందెం పెట్టారు. గ్రేసీ పరిగెత్తుతానంది. రూతు వద్దంది. దానియేలు "ఓపాలి పరిగెట్టనీ" అన్నాడు. పాప చివర వచ్చింది. వచ్చి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పరిగెత్తింది. పందెం అయిపోయింది, మిగతా పిల్లలు ఐస్‌క్రీముల దగ్గరికి పోయారు, అది ఒక్కతే గడ్డి మీద అటూ ఇటూ పరుగెడుతోంది. రూతు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"బాబాయ్, ఈ వరసలో ఏ ఇల్లు ఖాళీ?" అని దానియేలు నన్నడిగాడు. అతనికి ఇంకేమీ చూపించాల్సిన పని లేకపోయింది.

తీర్థం

మా వైపు జాతరని తీర్థం అంటారు. ఆ ఊరి అమ్మవారి తీర్థం వేసవిలోనే. ఆ ఏడు ఎండీ గారికి ఆలోచన వచ్చింది. తీర్థానికి మైకులూ లైట్లూ కంపెనీ ఇస్తుంది, అదే రోజు మన సంబరమూ పెడదాం, వచ్చినవాళ్ళు ఊరి సంప్రదాయం చూసి ముచ్చటపడతారు. దానియేలు వాళ్ళనీ రమ్మన్నాడు. వాళ్ళు ఇల్లు ఖాయం చేసుకున్నారు, రిజిస్ట్రేషను ఒక్కటే మిగిలింది.

ఆ తీర్థంలో ఒక ఆచారం ఉంది. పొద్దువాలే వేళ ఊరి ఆడవాళ్ళు పసుపు నీళ్ళలో తడిపిన చీరలు ఒకదాని కొంగు ఒకదానికి ముడివేసి, చెరువు చుట్టూ గీత గీసినట్టు పరుస్తారు. ఘటం నెత్తినెత్తుకున్నామె ఆ చీరల పక్కనే నడుస్తుంది. డప్పులు వెనక వస్తాయి. చీర దాటి చెరువు వైపు ఎవరూ అడుగు పెట్టరు.

చీరలు ఊరి వైపు నుంచి వచ్చాయి. మా ఆర్చి దాటాయి. తర్వాత ఇళ్ళ ముందుకి వస్తాయనుకున్నాను. రాలేదు. ఇళ్ళ వెనకకి తిరిగాయి. వంటిళ్ళ వెనక నుంచి, నీళ్ళ ట్యాంకు పక్క నుంచి పోయి, మిట్ట మీద ఎండీ గారు కట్టుకున్న గెస్ట్ హౌసు కింద నుంచి అవతలికి పోయాయి. మేం కట్టిన ఇళ్ళన్నీ చీరకి ఇవతల, చెరువు వైపే ఉండిపోయాయి. వచ్చినవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు.

సన్నాసినాయుడి పక్కకి చేరాను.

"బావా, చీరలు ఇళ్ళ ముందు నుంచి పరిస్తే ఫొటోలకి బాగుండును కదా" అన్నాను, హాస్యానికే.

"ఫొటోల కోసం అమ్మ జరుగుతాదేటి బావా? సెరువు నిండితే నీళ్ళు ఎందాకా వత్తాయో అందాకా అమ్మ కొంగు. ఆ అంచునే పరుత్తాం."

"మరి ఈ ఇళ్ళు?"

"కొంగులోనే ఉన్నాయి."

"ఆ మాట ముందే చెప్పొద్దా?"

"సెప్పలేదేటి? మొదట్రోజే సెప్పేం కదా, ఇదంతా అమ్మ కొంగు బాబూ అని. మీరు బోర్డు కూడా రాయించేరు. అంతంత అచ్చరాలు రాయించుకున్నోళ్ళకి ఇంకేటి సెప్తాం? తెలిసే కడతన్నారనుకున్నాం."

పక్కనున్న ముసలామె అందుకుంది: "పట్నపోళ్ళు కదా, తేలే ఇళ్ళు కడతన్నారేమో అనుకున్నాం బాబూ."

అందరూ నవ్వారు. వాళ్ళ తప్పేముంది? బోర్డు ఎదురుగా ఉంది.

"నీళ్ళు ఎప్పుడైనా ఇందాకా వచ్చాయా బావా?"

"మా పెద్దోడి పెళ్ళప్పుడొచ్చేయి. ఆ తరవాత ఇంకోపాలి. రాకపోతే ఏళ్ళకేళ్ళు రావు. వత్తే మాత్రం అడిగి రావు."

మిట్ట మీది గెస్ట్ హౌసు

మర్నాడు ఎండీ గారి దగ్గరికి వెళ్ళాను. విషయం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అది చూసి నేను ఆశ్చర్యపోయాను.

"రెయిన్స్ ఎక్కడున్నాయి పెద్దాయనా ఈ రోజుల్లో? అనుమతులన్నీ మన దగ్గరున్నాయి."

"అనుమతి మనకిచ్చారు. నీళ్ళకి వద్దని ఎవరు చెప్పారు?"

నవ్వాడు.

"అందరివీ కింద కట్టి, మీ గెస్ట్ హౌసు ఒక్కటీ మిట్ట మీద ఎందుకు కట్టారండీ?"

"వ్యూ కోసం."

"ఆ దానియేలుకి మిట్ట మీద చోటివ్వండి. ఆయాసం ఉన్న పాప ఉంది."

"అది ఫేజ్ టూ. రేటు వేరు. మీకు తెలుసు కదా."

"అయితే ఉన్న సంగతి వాళ్ళకి చెప్పేస్తాను."

"చెప్పండి. ట్యాగు ఆఫీసులో ఇచ్చేసి చెప్పండి."

ట్యాగు బల్ల మీద పెట్టి వచ్చాను. దీన్ని వీరత్వం అనుకోకండి. మోకాళ్ళు అప్పటికే పోయాయి, ఎలాగూ ఆ ఏడు మానేసేవాణ్ణే. మీ వయసులో ఉండి, ఇంట్లో పిల్లల ఫీజులుండి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. అందుకే మీకు నీతులు చెప్పను. బాసు ఎక్కడ ఇల్లు కట్టుకున్నాడో చూడండి అని మాత్రం చెప్తాను. ఆయన మాట కంటే ఆయన ఇల్లు నిజం చెబుతుంది.

కిటికీ

పరవాడ వైపు వాళ్ళ ఊరికి వెళ్ళాను. పట్టపగలు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. రెక్కల సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఉన్నాయి. లోపల ఉక్క. మేడ మీద ఆరేసిన బట్టలు రూతు తీసుకొచ్చి ఒక్కొక్కదాని మీదా పడ్డ కంపెనీల బూడిద దులుపుతోంది. దులపడం చూస్తే అదేదో రోజూ చేసే పనిలా ఉంది. బయట కంపెనీ బస్సు ఆగి, మనుషుల్ని దింపి, మనుషుల్ని ఎక్కించుకుని పోయింది.

చీరల సంగతీ, కొంగు మాటా, మిట్ట సంగతీ అన్నీ చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ దానియేలు నేల చూస్తూ విన్నాడు.

"నీళ్ళొత్తే ఎన్నాళ్ళుంటాయి బాబాయ్?"

"నెలుండొచ్చు. ఎక్కువే ఉండొచ్చు."

"ఏటేటా వత్తాయా?"

"రావు. ఎప్పుడొస్తాయో చెప్పలేం."

అతను మూసిన కిటికీ వైపు చూపించాడు. "ఇది ఏడాదంతా వత్తాది బాబాయ్. రోజూ వత్తాది."

రూతు బట్టలు మడత పెడుతూ, తలెత్తకుండా అంది: "వేరే ఊళ్ళో ఇల్లు సూడమంటారు కదా మీరు. సూసేం బాబాయ్ గారూ. గాలి బాగుండీ, నీళ్ళు రాకుండా ఉండీ, ఈయన డ్యూటీకి అందేదీ, మా డబ్బుకి అందేదీ ఒక్కటి సెప్పండి. రేపే వచ్చేత్తాం."

జిల్లాలో నాకు తెలియని నేల లేదని తిరిగినవాణ్ణి. ఒక్కటి కూడా చెప్పలేకపోయాను. పక్కగదిలోంచి పాప దగ్గు వినిపించింది.

వాళ్ళు ఆ ఇల్లే తీసుకున్నారు. తెలిసి తీసుకున్నారు. అమ్మకాల్లో తెలియక మోసపోయినవాణ్ణి చూస్తే జాలేస్తుంది. తెలిసి కొన్నవాణ్ణి చూస్తే మాత్రం ఎవరి మీద కోపగించుకోవాలో తెలియని కోపం వస్తుంది. ఆ కోపం నాకింకా పోలేదు.

నీళ్ళు

ఆ ఏడు వానలు పడ్డాయి. ముసురు పట్టి, కొండల మీది గెడ్డలన్నీ ఒక్కసారి దిగాయి. సన్నాసినాయుడు ఫోను చేశాడు: "బావా, అమ్మ కొంగు లాక్కుంటంది. మీ ఓళ్ళని తీసుకెళ్దువుగాని రా."

మధ్యాహ్నానికి చేరాను. అతని ట్రాక్టరు మీద వెళ్ళాం. నీళ్ళు ఉధృతంగా ఏమీ లేవు. నెమ్మదిగా, శబ్దం లేకుండా, ఇంటి యజమాని వచ్చినట్టు వచ్చాయి. చాలా ఇళ్ళు తాళాలేసి ఉన్నాయి, అవన్నీ వారాంతాలకి వచ్చేవాళ్ళవి. మనుషులున్నది దానియేలు ఇంట్లోనే. మంచం, బియ్యం డబ్బా, కుట్టుమిషను స్లాబు మీదకి చేర్చుకుని, టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నారు. రూతు నన్ను చూసి, ముందు కుట్టుమిషను అందించింది, తర్వాత పాపని, ఆ తర్వాత తను దిగింది.

దానియేలు మోకాలి లోతు నీళ్ళలో ట్రాక్టరు పట్టుకుని నడుస్తూ అన్నాడు: "మీరు ముందే సెప్పేరు బాబాయ్. మిమ్మల్ని అనడానికేటీ లేదు."

తిట్టి ఉంటే బాగుండేది.

"పాత ఊరికి దించెయ్యమంటారా?" అని అడిగాను.

"వద్దు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సన్నాసినాయుడు తన సావిట్లో వాళ్ళకి చోటిచ్చాడు. "అమ్మ కొంగు తడిపింది గానీ, ఊరు పొమ్మన్లేదు కదమ్మా. ఉండండి" అన్నాడు. నీళ్ళు నెల దాటి నిలిచాయి. దిగాక రూతూ, ఊరి ఆడవాళ్ళు కొందరూ కలిసి బురద ఎత్తిపోసి ఇల్లు కడిగారు. తలుపులు ఉబ్బి మూతపడలేదు. గోడకి మాత్రం కిటికీ కింద దాకా ఒక మట్టి గీత పడింది. లోపలా బయటా, ఇంటి చుట్టూ.

మళ్ళీ ఎండాకాలం

మళ్ళీ గడ్డి మొలిచింది. మళ్ళీ షామియానాలు. ఆ ఆదివారం నేను దానియేలు ఇంటికి చుట్టంగా వెళ్ళాను. అంతకు రెండు రోజుల ముందే కంపెనీ రంగులు వేసేవాళ్ళని పంపిందట. వరసలో ఇళ్ళన్నీ పాలరంగులో మెరిసిపోతున్నాయి. దానియేలు ఇంటి గోడ ఒక్కటే మట్టి గీతతో ఉంది.

బస్సులు రాకముందే రంగుల మేస్త్రీ పైడిరాజు మళ్ళీ వచ్చాడు, చేతిలో బకెట్టుతో.

"అక్కా, ఈసారైనా వెయ్యనీ. ఉత్తినే ఏత్తన్నాం కదా."

"వద్దు తమ్ముడూ."

"ఇల్లు అందంగా ఉంటాదక్కా."

"ఉంటాది. వద్దు."

"ఎండీ గారు నన్ను తిడతారక్కా."

"నన్ను తిట్టమను. ఇల్లు నాది."

పైడిరాజు నా వైపు చూశాడు. నేను కొండల వైపు చూశాను. అతను బకెట్టు మార్చి పట్టుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎండీ గారే వచ్చాడు, నవ్వుతూ. గేటు దగ్గర నిలబడి, గీత చూసి, నన్ను చూసి, నవ్వు ఆపకుండానే వెనక్కి తిరిగాడు. మైకులో తాడు లాగుడు మొదలవుతోందని చెబుతున్నారు.

మధ్యాహ్నం ఒక జంట ఇళ్ళు చూసుకుంటూ ఆ వరసలోకి వచ్చారు. ఆమె చంకలో నాలుగేళ్ళ పిల్లాడు. రూతు గోడ దగ్గర ఆగిపోయారు. అతను గీత మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. గీత అతని నడుం దాకా ఉంది.

"ఇదేటక్కా?"

"నీళ్ళు. పోయిన వానాకాలం ఇందాకా వచ్చేయి. మళ్ళీ వత్తాయి. ఎప్పుడో తెలీదు."

అతను భార్య వైపు చూశాడు. ఆమె గోడ చూడ్డం లేదు. గడ్డి మీద గ్రేసీని చూస్తోంది.

"మీరెక్కణ్ణించి వచ్చేరక్కా?" అంది.

రూతు పాత ఊరి పేరు చెప్పింది. ఆమె పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. వాళ్ళది ఆ పక్క ఊరేనట.

"మరి, పాపకి ఇక్కడ ఎలాగుంది?"

రూతు గోడకి ఆనుకుని నిలబడింది.

"రాత్రుళ్ళు నిద్దరోతంది" అంది.